డిఫ్లెక్ట్ అంటే తప్పించుకోవడమేనా? బాట్ చేస్తే కేకు, నేను చేస్తే ఎర్ర గుర్తు

నైట్‌షిఫ్ట్_ఖమ్మం అడిగారు:

అందరికీ నమస్తే. ఒక్క ఇంగ్లిష్ మాట నాలుగు రోజులుగా నా బుర్ర తినేస్తోంది. డిక్షనరీ చూశాను, ‘పక్కకు మళ్లించు’ అని ఉంది. దాంతో నా గొడవ తీరలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

నేను హైదరాబాద్‌లో ఒక షాపింగ్ యాప్‌కి కస్టమర్ సపోర్ట్ చేస్తాను. ఫోన్లు కాదు, చాట్. ఒకేసారి మూడు కిటికీలు తెరుచుకుని ముగ్గురితో మాట్లాడుతుంటాం. ఈ మధ్య మాకు చాట్‌బాట్ తెచ్చారు. కస్టమర్ అడిగిన దానికి ముందు అదే ఏదో జవాబు చెప్తుంది, లేదా హెల్ప్ పేజీ లింకు ఇస్తుంది. అక్కడితో ఆగిపోయిన వాళ్లు మా దాకా రారు. ఇలా రానివాళ్ల శాతాన్ని ‘డిఫ్లెక్షన్ రేటు’ అంటారు. అది బాగా పెరిగిందని పోయిన శుక్రవారం మా మేనేజర్ కేకు కోయించారు. బ్లాక్ ఫారెస్ట్. నేను రెండు ముక్కలు తిన్నాను, అబద్ధం ఎందుకు.

సోమవారం నా చాట్‌ల మీద క్వాలిటీ వాళ్ల రిపోర్ట్ వచ్చింది. ఒక చాట్ పక్కన ఎర్ర గుర్తు పెట్టి, కింద ‘ఏజెంట్ కస్టమర్ ప్రశ్నను డిఫ్లెక్ట్ చేశారు’ అని రాశారు. ఆ చాట్ ఇది:

కస్టమర్: మిక్సీ వెనక్కి పంపి పన్నెండు రోజులైంది. డబ్బులు ఎప్పుడు పడతాయి?
నేను: మీ ఇబ్బంది అర్థమైందండీ. ఆర్డర్ నంబర్ చెప్పగలరా?
కస్టమర్: ఇచ్చాను కదా, పైన చూడండి.
నేను: ధన్యవాదాలండీ. మీ మిక్సీ మా గోడౌన్‌కి చేరింది.
కస్టమర్: చేరిందని నాకూ మెసేజ్ వచ్చింది. డబ్బులు ఎప్పుడు?
నేను: రీఫండ్ టైమ్ బ్యాంకును బట్టి ఉంటుందండీ. ఇంకేమైనా సాయం కావాలా?

నిజం చెప్పాలంటే నాకు తేదీ కనిపించదు. స్క్రీన్ మీద ‘ప్రాసెస్‌లో ఉంది’ అని మాత్రమే ఉంటుంది. ‘నాకు తెలియదు’ అనే మాట మేం టైప్ చేయకూడదు. ఇక నేనేం చెయ్యాలి?

సరే, నా సందేహాలు. బాట్ చేసినదీ నేను చేసినదీ ఒకే మాట ఎలా అయింది? ఒకటి మంచీ ఇంకొకటి చెడూ ఎలా అయ్యాయి? అవాయిడ్, ఇగ్నోర్, డైవర్ట్ అనే వాటికీ దీనికీ తేడా ఏంటి? దీనికి తెలుగులో సరైన మాట ఏది? ‘దాటవేత’ అంటే సరిపోతుందా? మా ఇంట్లో అడిగితే అన్నయ్య ‘దొంగాట’ అన్నాడు. అది పనికిరాదు.

బడిబల్ల ఇలా రాశారు:

నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను కాబట్టి ముందు మాట పుట్టుక చెప్తాను, తర్వాత మిగతావాళ్లు కానివ్వండి.

లాటిన్‌లో ‘ఫ్లెక్టెరే’ అంటే వంచడం. దాని ముందు ‘డి’ చేరితే ‘ఉన్న దారి నుంచి పక్కకు వంచడం’. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రిఫ్లెక్ట్ (వెనక్కి వంచడం), ఫ్లెక్సిబుల్ (వంగేది), చర్చిలో మోకాలు వంచి మొక్కడాన్ని చెప్పే జెనుఫ్లెక్ట్, ఇవన్నీ దీని అక్కచెల్లెళ్లే. పలికేటప్పుడు ఒత్తు ‘ఫ్లెక్ట్’ మీద పడాలి. డిఫెక్ట్‌తో కలపకండి. మా పిల్లలు ఏటా బంతిని ‘డిఫెక్ట్’ చేయిస్తూనే ఉంటారు.

ఇక తేడాలు. మీ మీదికి బంతి వస్తోంది అనుకోండి. మీరు పక్కకు జరిగారు, బంతి తన దారిన పోయింది: అది అవాయిడ్. బంతి వస్తున్నా రానట్టే నిలబడ్డారు: ఇగ్నోర్. మీరు ఉన్నచోటే ఉండి, చెయ్యి అడ్డం పెడితే బంతి పక్కకు పోయింది: డిఫ్లెక్ట్. అవాయిడ్‌లో దారి మారేది మీకు. డిఫ్లెక్ట్‌లో దారి మారేది దానికి. డైవర్ట్ అంటే ఇంకా తాకక ముందే ‘ఇటు కాదు, అటు’ అని వేరే దారి చూపించడం. వాన వల్ల విమానాన్ని బెంగళూరుకు డైవర్ట్ చేస్తారు, రోడ్డు తవ్వితే బస్సుల్ని డైవర్ట్ చేస్తారు, గోదావరి నీళ్లను పట్టిసీమ దగ్గర ఎత్తి కృష్ణ వైపు డైవర్ట్ చేస్తారు. వీటిలో ఎక్కడా డిఫ్లెక్ట్ వాడరు.

సైన్సు పుస్తకాల్లో దీన్ని ‘అపవర్తనం’ అంటారు. మీ మేనేజర్‌తో ‘అపవర్తన రేటు’ అని చూడండి, ఆయన ముఖం ఎలా పెడతారో నాకూ చెప్పండి.

పాత_పిక్చర్‌ట్యూబ్ ఇలా రాశారు:

అమ్మాయ్, నేను ఇంగ్లిష్ చదువుకున్నవాణ్ని కాదు. తెనాలిలో ఇరవై ఆరేళ్లు టీవీ రిపేరు షాపు నడిపాను. కానీ ఈ మాటను నేను చేత్తో పట్టుకుని చూశాను. దాని బరువు కూడా తెలుసు నాకు, అర కిలోకి అటూ ఇటూ ఉండేది.

పాత డబ్బా టీవీ వెనక మూత తీస్తే గాజు పిక్చర్‌ట్యూబ్ కనిపిస్తుంది. ముందు వెడల్పుగా, వెనక సన్నటి మెడలా ఉంటుంది. ఆ మెడ చివర్లో ఒక గన్ ఉంటుంది. అందులోంచి ఎలక్ట్రాన్లు తిన్నగా ముందుకు దూసుకొస్తాయి. వాటిని వాటి మానాన వదిలేస్తే తెర మధ్యలో పడతాయి, ఒక్క చుక్క వస్తుంది. అంతే, బొమ్మా ఉండదు, ఏమీ ఉండదు. ఆ మెడ చుట్టూ రాగి తీగ చుట్టలున్న, చేతి గాజులా గుండ్రంగా ఉండే ఒక సామాను తొడుగుతారు. దాని పేరు డిఫ్లెక్షన్ యోక్. మేం ‘యోక్’ అనేవాళ్లం. పంతొమ్మిదేళ్లప్పుడు గుంటూరులో పని నేర్చుకునే రోజుల్లో ఆ పేరు బట్టీ పట్టాను గానీ, అర్థం ఎవర్నీ అడగలేదు. అడిగితే తన్నేవాడు మా గురువు.

ఆ తీగల్లో కరెంటు పోతే అయస్కాంతం పుడుతుంది. అది ఎలక్ట్రాన్ల దారిని వంచుతుంది. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. మన టీవీల్లో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 సార్లు ఆ కిరణం అడ్డంగా తెర దాటాలి. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. అయస్కాంతం ఎలక్ట్రాన్ వేగాన్ని పిసరంత కూడా తగ్గించదు. ఆపదు, చంపదు. ఎంత ఊపుతో వచ్చిందో అంత ఊపుతోనే పోతుంది. దిక్కు మాత్రం మారుతుంది. డిఫ్లెక్ట్ అంటే ఏంటని నన్నడిగితే నేను ఇదే చెప్తాను.

ఇప్పుడు నీ మిక్సీ ఆయన దగ్గరికి వద్దాం. ఆయన ప్రశ్న ‘ఎప్పుడు?’ అని దూసుకొచ్చింది. నువ్వు ఆపలేదు, జవాబూ చెప్పలేదు. ఆర్డర్ నంబర్ వైపు వంచావు. మళ్లీ వచ్చింది. గోడౌన్ వైపు వంచావు. మూడోసారి బ్యాంకు వైపు. చాట్ మూసేశాక కూడా ఆయన ‘ఎప్పుడు’ అంతే ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. మీ వాళ్లు రాసింది తప్పు కాదమ్మాయ్. కోపం తెచ్చుకోకు.

కానీ మాట మాత్రం చెడ్డది కాదు. డిఫ్లెక్షన్ లేకపోతే బొమ్మే లేదని చెప్పాను కదా. కిరణాన్ని ఎక్కడ పడాలో అక్కడ పడేస్తే బొమ్మ, లేకపోతే గీత. ‘గీత’ అంటే తెలుసా నీకు? నీ వయసు వాళ్లకు తెలిసుండదు. వర్టికల్ ఐసీ పోతే, లేదా దాని కాళ్ల దగ్గర సోల్డరింగ్ వదులైతే, కిరణం అడ్డంగా తిరుగుతుంది గానీ కిందికీ పైకీ కదలదు. తెరంతా నల్లగా ఉండి నడుమ ఒక్క తెల్లటి గీత, కత్తిలా మెరుస్తూ. ఆదివారం పొద్దున సీరియల్ టైమ్‌కి సరిగ్గా అలా అయ్యేది. ఇంటిల్లిపాదీ టీవీని మోసుకుని షాపుకొచ్చేవాళ్లు. నేను ముందు చేసే పని బ్రైట్‌నెస్ తగ్గించడం. లేకపోతే ఆ గీత పడ్డచోటే పడి, తెర లోపలి పూత కాలిపోయి శాశ్వతంగా మచ్చ మిగులుతుంది. సమస్తం ఒకేచోట వచ్చి పడితే ఎక్కడైనా కాలుతుంది.

అందుకే ఆ బాట్ సంగతి కూడా నాకు అనుమానంగానే ఉంది. హెల్ప్ పేజీకి పోయిన ఆయనకు అక్కడ జవాబు దొరికిందా, విసుగొచ్చి ఫోను పక్కన పడేశాడా? రెండింటినీ మీ వాళ్లు ఒకే లెక్కలో వేస్తున్నారేమో కనుక్కో. దొరికితే బొమ్మ, పడేస్తే గీత. గీత చూసి కేకు కోస్తే ఎలా?

నాకూ ఈ జబ్బు ఉందిలే. ‘సెట్టు ఎప్పుడిస్తావ్’ అంటే ‘కరెంటు సరిగ్గా ఉండట్లేదండీ’ అనేవాణ్ని. ఇప్పటికీ మా ఆవిడ కూరలో ఉప్పు సరిపోయిందా అంటే ఎండల గురించి మాట్లాడతాను.

సెంట్రింగ్_శీను ఇలా రాశారు:

బాబాయ్ గారు రాసింది చదివి టీ చల్లార్చుకున్నాను. మా బిల్డింగ్ సైట్ వాడకం కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవర్నీ మళ్లించరు. బీమ్ (కాంక్రీటు దూలం) తనంతట తనే డిఫ్లెక్ట్ అవుతుంది, అంటే బరువుకి కిందికి వంగుతుంది. ‘ది బీమ్ డిఫ్లెక్ట్స్’ అంటే చాలు, దేన్ని, ఎటు అని అడగక్కర్లేదు.

ఇక్కడో చిక్కుంది. మా మేస్త్రీలు అన్నిటికీ ‘కుంగింది’ అంటారు. పునాది కింద నేల దిగినా కుంగిందే, బీమ్ నడుమ వంగినా కుంగిందే. ఇంగ్లిష్‌లో మొదటిది సెటిల్‌మెంట్, రెండోది డిఫ్లెక్షన్. ఒకసారి ఒక అపార్ట్‌మెంట్‌లో ఇంటాయన ‘బిల్డింగ్ కుంగింది’ అని గోల చేస్తే అందరం పునాదుల దగ్గరికి పరిగెత్తాం. తీరా చూస్తే ఆయన హాల్లో బీమ్ గురించి అంటున్నాడు. బీమ్‌కి ‘వంగింది’ అనండి, సగం తగాదాలు తగ్గుతాయి.

అదెలా కొలిచామో చెప్తాను. బీమ్ అడుగున రెండు చివర్లా 50 మి.మీ. చెక్క ముక్కలు ఆనించి, వాటి మీదుగా లైన్ దారం బిగించి లాగాం. బీమ్ తిన్నగా ఉంటే నడుమ కూడా దారానికీ బీమ్‌కీ మధ్య 50 ఉండాలి. టేపు పెడితే 38 వచ్చింది. అంటే 12 మి.మీ. వంగింది. ఆ స్పాన్, అంటే బీమ్ ఆనే రెండు ఆధారాల మధ్య దూరం, 4 మీటర్లు. మన కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ప్రకారం మొత్తం మీద స్పాన్‌లో 250వ వంతు దాకా వంగొచ్చు, 4 మీటర్లకు అది 16 మి.మీ. కాబట్టి పడిపోయే భయమేమీ లేదు. కానీ గోడలూ ఫినిషింగూ అయ్యాక వంగేదానికి వేరే లెక్క: 350వ వంతు లేదా 20 మి.మీ., ఏది తక్కువైతే అది. 4 మీటర్లకు 11 మి.మీ. పైచిలుకు. ఇంటాయనకు కనిపించిన పగులు బీమ్‌లో కాదు, దాని కింద కట్టిన ఇటుక గోడలో. బీమ్ వంగి గోడ నెత్తిన కూర్చుంది, పాపం గోడ పగిలింది.

ఇంకో మాట, స్పాన్ రెట్టింపు చేస్తే వంపు రెట్టింపు అవుతుందనుకుంటారు ఓనర్లు. అదే బీమ్, మీటరుకు అదే బరువు ఉంటే పదహారు రెట్లవుతుంది. ‘హాలు మధ్యలో పిల్లర్ తీసేయండి సార్, అడ్డంగా ఉంది’ అనేవాళ్లకు ఈ లెక్క చూపిస్తాను. ప్రాప్‌లు (స్లాబ్ గట్టిపడే దాకా కింద పెట్టే పోటీలు) ముందే పీకేసేవాళ్లకు చూపించినా ప్రయోజనం లేదు. 4.5 మీటర్లు దాటిన స్లాబ్‌కి 14 రోజులు ఉంచాలని కోడ్‌లో రాసి ఉంటే, పదో రోజుకే వాటిని వేరే సైట్‌కి లారీ ఎక్కిస్తారు.

గల్లీ_పాయింట్ ఇలా రాశారు:

క్రికెట్ లేకుండా ఈ మాట గురించి మాట్లాడటం పాపం. 2019 వరల్డ్ కప్ ఫైనల్, లార్డ్స్, జులై 14, చివరి ఓవర్. రెండో పరుగు కోసం స్టోక్స్ డైవ్ చేశాడు, గప్టిల్ విసిరిన బంతి ఆయన బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోయింది. ఆరు పరుగులిచ్చారు. కామెంటరీలో, పేపర్లలో అందరూ వాడింది డిఫ్లెక్షన్ అనే మాటే. స్టోక్స్ బంతిని మళ్లించాడు అంటే గొడవైపోతుంది, ఎందుకంటే ‘మళ్లించు’లో ఉద్దేశం ఉంది. తెలుగులో ‘బ్యాట్‌కి తగిలి పక్కకు పోయింది’ అనాల్సిందే. కాబట్టి బడిబల్ల గారూ, ‘చెయ్యి అడ్డం పెడితే’ అన్నారు చూడండి, పెట్టకపోయినా డిఫ్లెక్షనే. ఊరికే అక్కడ ఉన్నా చాలు.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తగిలిన వస్తువు ముందు ‘ఆఫ్’ వస్తుంది: డిఫ్లెక్టెడ్ ఆఫ్ ది బ్యాట్. పడ్డచోటుకు ‘ఇన్‌టు’, తప్పు ఎవరి మీదైనా నెడితే ‘ఆన్‌టు’.

ఇంకోటి, నాన్ స్ట్రైకర్ క్రీజు బయట ఉన్నప్పుడు బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి నేరుగా వచ్చి వికెట్లకు తగిలితే అవుట్ కాదు. బౌలర్ వేలికి రాసుకుని తగిలితే అవుట్. మా గల్లీలో ఈ వేలు గురించి కొట్టుకుని రెండు టీములు ఇప్పటికీ మాట్లాడుకోవు.

మూడోసారి_గ్రూప్స్ ఇలా రాశారు:

జాగ్రఫీలో కూడా వస్తుంది, ఒక్క ముక్క చెప్పి పోతా. భూమధ్యరేఖకు దక్షిణాన ఆగ్నేయం నుంచి వీచే గాలులు రేఖ దాటగానే భూమి తిరగడం వల్ల కుడివైపు డిఫ్లెక్ట్ అవుతాయి. అప్పుడు మనకు నైరుతి నుంచి వస్తాయి. మన నైరుతి రుతుపవనాలు అవే. గాలిని ఏదీ తాకలేదు, ఎవరూ అడ్డం పెట్టలేదు, అయినా డిఫ్లెక్టే. గల్లీ_పాయింట్ గారి ‘తగిలి’ ఇక్కడ పనిచేయదు. దక్షిణార్ధంలో ఎడమకు. నేను మొదటిసారి రాసినప్పుడు ఇది తిరగేసి రాశాను, అందుకే గుర్తుంది.

నైట్‌షిఫ్ట్_ఖమ్మం మళ్లీ రాశారు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. తెలుగులో ఒకే మాట దొరకదని అర్థమైంది. బంతికి ‘తగిలి పక్కకు పోయింది’, బీమ్‌కి ‘వంగింది’, నాకు ‘మాట మార్చింది’. నిన్న రివ్యూ ఫారంలో నా వివరణ అడిగితే ఇలాగే రాశాను: ‘అవును, మాట మార్చాను. తేదీ నాకు కనిపించదు. తెలియదని చెప్పనివ్వండి, లేదా తేదీ చూపించండి.’ మా టీమ్ లీడర్ చదివి, ఇంత సూటిగా ఎవరూ రాయరే అంది. పంపించనా వద్దా అని కూడా అడిగింది. పంపించేయమన్నాను.

మిక్సీ ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి నా కిటికీలోకే. పేరు చూసి గుర్తుపట్టాను. ‘తేదీ నాకు తెలియదండీ, తెలిసినవాళ్లకు పంపుతున్నాను’ అని టైప్ చేసి పైవాళ్లకు పంపాను. రూల్ తప్పానని తెలుసు. ఆయన ‘సరే అమ్మా’ అన్నాడు. అంతే, తిట్టలేదు.

బాబాయ్ గారూ, మీరు కనుక్కోమన్నది కూడా కనుక్కుందామనుకున్నా. ఇవాళ మేనేజర్ మా డెస్క్ దగ్గరికి వచ్చినప్పుడు లేచి నిలబడి మరీ అడిగాను: ‘సార్, బాట్ డిఫ్లెక్ట్ చేసినవాళ్లలో అదే ప్రశ్నతో మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది?’

ఆయన నా స్క్రీన్ వైపు చూశారు, వాచీ చూసుకున్నారు. ‘డిన్నర్ బ్రేక్ తీసుకున్నావా?’ అన్నారు.

తీసుకున్నాను సార్, పెరుగన్నం తిన్నాను అన్నాను.